షామీర్‌పేటలో ఓ చిన్న సముద్రం: నాన్న అడిగిన మూడు ప్రశ్నలు, అమ్మ అడిగిన ఒకటి

2024 మే నెల. సిద్దిపేటలో మా కజిన్ పెళ్లి. రెండు రోజులు ఉండి ఆదివారం రాత్రి మేడ్చల్ వచ్చాం. అప్పుడు మేం ఓ అపార్ట్‌మెంట్ పై అంతస్తులో అద్దెకు ఉండేవాళ్లం. తలుపు తీయగానే వాసన. ముక్కు మూసుకుని లైట్ స్విచ్ వేశా. వెలగలేదు. మేం లేనప్పుడు ఎప్పుడో ఎంసీబీ పడిపోయింది.

నా గదిలో 60 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉండేది. రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక రొయ్య, రాయికి అతుక్కున్న నాలుగు మష్రూమ్ పాలిప్స్. ఫోన్ లైట్‌లో చూస్తే నీళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి. థర్మామీటర్ 34 డిగ్రీలు చూపిస్తోంది. పంప్ ఆగితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది, పైన శ్లాబ్ వేడి, కిటికీలు మూసి ఉన్నాయి. ఒక్కటీ బతకలేదు. ఎవరినీ అనడానికి లేదు, తప్పు నాదే. సముద్రపు జీవుల్ని తెచ్చి, ఒకే ఒక్క పంపు మీద వాటి ప్రాణాలు పెట్టి నేను పెళ్లికి పోయా.

ఆ వేసవిలో ఆ పని నా గదిలోనే కాదు, సముద్రంలోనూ జరిగింది. సరిగ్గా అంతకు నెల ముందు, ఏప్రిల్ 15న, ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు తెల్లబడిపోతున్నాయని అమెరికా సంస్థ నోవా ప్రకటించింది. మే నెలలో మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) లక్షద్వీప్ పగడాల గురించి అదే మాట చెప్పింది. పగడం లోపల కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. రంగు దానిదే, తిండిలో ఎక్కువ భాగమూ అదే వండిపెడుతుంది. మామూలు వేసవి కన్నా నీళ్లు ఒక్క డిగ్రీ ఎక్కువై, కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడం ఆ నాచును బయటకు తోసేస్తుంది. తర్వాత తెల్లగా, ఆకలితో మిగులుతుంది.

ఈ సంగతి చదివాక ఆరు నెలలు అక్వేరియం ఊసే ఎత్తలేదు. తర్వాత మేం షామీర్‌పేటలో సొంతింటికి మారాం. గ్రౌండ్ ఫ్లోర్, హాల్లో ఒక గోడ ఖాళీ. మళ్లీ మనసు లాగింది. ఈసారి ముందు కొనకుండా ముందు కాగితం తీశా. నాన్న ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. కాగితం చూసి కళ్లజోడు సర్దుకుని అన్నారు: "బిడ్డా, మూడు ప్రశ్నలకు జవాబు చెప్పు. తర్వాత నేనే నీకు డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుంట. కరెంటు పోతే ఏమైతది? నీళ్లు యాడికెల్లి వస్తయి, యాడికి పోతయి? నువ్వు ఊళ్లె లేకుంటే ఎవరు చూస్తరు?"

జవాబులకు నాకు నాలుగు నెలలు పట్టింది. మీరు కూడా ఇలాంటి ట్యాంక్ గురించి కలలు కంటుంటే, ఆ నాలుగు నెలల సారం ఇది.

సంపు, మోటరు, పైన ట్యాంకు

చిన్న ట్యాంక్‌తో మొదలుపెడితే ఖర్చు తక్కువ అనుకుంటాం. నిజానికి ఉప్పునీటి లోకంలో చిన్నదే కష్టం. 60 లీటర్లు గంటల్లో వేడెక్కుతాయి, ఒక్క చేప చచ్చినా నీళ్లన్నీ పాడవుతాయి. నీళ్లు ఎక్కువైతే మార్పు నెమ్మది. కానీ ఒకేసారి పెద్దది కొనాలంటే నా జీతం చాలదు. అందుకే ఈ దారి: ఒకటి తర్వాత ఒకటిగా, ట్యాంకులు కలుపుకుంటూ పోవడం.

ఇది అర్థం కావడానికి పుస్తకాలు అక్కర్లేదు. మన ఇళ్లలో ఏముంది? కింద సంపు, మధ్యలో మోటరు, డాబా మీద ట్యాంకు. రీఫ్ అక్వేరియం కూడా అంతే. కింద స్టాండ్‌లో ఉండే గాజు తొట్టెను ప్రపంచమంతా సంప్ అనే అంటారు. రిటర్న్ పంప్ నీళ్లను పైకి పంపుతుంది. పై ట్యాంక్ నిండి, అంచు దగ్గరున్న ఓవర్‌ఫ్లో దాటి, పైపులోంచి మళ్లీ సంప్‌లోకి దిగుతుంది. మురికి తీసే స్కిమ్మర్, హీటర్, థర్మామీటర్ అన్నీ సంప్‌లోనే దాక్కుంటాయి. "ఇంట్ల ఒక సంపు ఉండంగ ఇంకో సంపా?" అని అమ్మ నవ్వింది. కానీ విషయం ఆమెకు అందరికన్నా ముందు అర్థమైంది.

నా ప్లాన్‌లో మూడు ట్యాంకులు. మొదటిది 3 అడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు: 191 లీటర్లు. రెండోది నాచు పెంచే చిన్న తొట్టె: 2 అడుగులు, ఒకటిన్నర, 1 అడుగు: 85 లీటర్లు. దాన్ని రిఫ్యూజియం అంటారు. అందులో కీటోమార్ఫా అనే, చిక్కుపడ్డ ఆకుపచ్చ దారంలాంటి నాచు నైట్రేట్‌ను తినేస్తుంది. దాని లైటు రాత్రిపూట వేస్తాం. అప్పుడు పగలు పెరిగి రాత్రి పడిపోయే పీహెచ్ కాస్త స్థిరంగా ఉంటుంది. మూడోది 4 అడుగులు, 2 అడుగులు, 2 అడుగులు: 453 లీటర్లు. అది రెండేళ్ల తర్వాత మాట.

ట్యాంకుకు ట్యాంకును నేరుగా పైపుతో కలపకూడదు. మధ్య పైపులో ఒక నత్త ఇరుక్కుందంటే చాలు, ఒక ట్యాంకు పొంగుతుంది, ఇంకోటి ఎండుతుంది. ప్రతి ట్యాంకూ తన దారిన తను సంప్‌లోకే దిగాలి, పైకి పంపే పైపు మాత్రం ఒక్కటే. దానికి మూడు చోట్ల టీ వేసి, ప్రతి టీ దగ్గర ఒక బాల్ వాల్వ్, ఒక యూనియన్ పెట్టాలి. యూనియన్ అంటే చేత్తో తిప్పి విప్పేసే జాయింటు. మూడో టీకి ఇప్పటికి ఎండ్ క్యాప్. రేపు పెద్ద ట్యాంక్ వచ్చినప్పుడు పైపు కోయక్కర్లేదు, అప్పటికే బతుకుతున్న చేపల్ని కదపక్కర్లేదు.

కరెంటు పోతే ఏమైతది?

పంప్ ఆగగానే పై ట్యాంకుల్లో నీళ్లు ఓవర్‌ఫ్లో అంచు దాకా, రిటర్న్ పైపు మూతి దాకా కిందికి జారతాయి. ఆ నీళ్లన్నీ సంప్ పట్టాలి. పట్టకపోతే హాల్లోకి వస్తాయి. చాలామంది పొరపడేది ఇక్కడే. సంప్‌ను మొదటి ట్యాంకుకు సరిపడా కొంటారు.

లెక్క చాలా తేలిక. పొడవును వెడల్పుతో, దాన్ని నీళ్లు దిగే ఎత్తుతో గుణించడమే. 5 సెంటీమీటర్లు దిగుతాయి అనుకుందాం. మొదటి ట్యాంక్ నుంచి 21 లీటర్లు. రెండో దాని నుంచి 14. రేపొచ్చే మూడో దాని నుంచి 37. మొత్తం 72 లీటర్లు, పైపుల్లో ఉండేది అదనం. నేను వేసుకున్న సంప్ కూడా 191 లీటర్లది. దాన్ని సగమే నింపి నడిపితే 95 లీటర్ల ఖాళీ ఉంటుంది. సరిపోతుంది. అంటే మూడో ట్యాంక్ కోసం సంప్‌ను ఈ రోజే కొనాలి. తర్వాత పెంచుకోగల ప్లాన్‌లో ముందే పెద్దదిగా కొనాల్సింది ఇదొక్కటే. గాజు ట్యాంకులు ఎప్పుడైనా వస్తాయి.

రిటర్న్ పైపు మూతి నీళ్లలో లోతుగా ఉంటే సైఫన్ పట్టి సగం ట్యాంక్ కిందికి వచ్చేస్తుంది. అందుకే మూతిని నీటిమట్టానికి దగ్గరగా పెట్టి, కాస్త కింద చిన్న రంధ్రం చేయాలి. మట్టం తగ్గగానే గాలి దూరి సైఫన్ తెగుతుంది. చెక్ వాల్వ్ ఉందిగా అనొచ్చు. ఉప్పు, నత్తలు, నాచు చేరాక అది సరిగ్గా మూసుకుంటుందన్న నమ్మకం లేదు. కిందికి దిగే పైపులు కూడా ప్రతి ట్యాంకుకు రెండు: ఒకటి రోజువారీ పనికి, ఇంకోటి మొదటిది మూసుకుపోయిన రోజుకు.

తర్వాత ఇన్వర్టర్. అన్నీ దాని మీద నడపాలనుకోవద్దు. ముందు నీళ్లను కదిలించే వేవ్ మేకర్, ఎందుకంటే కదలికే ఆక్సిజన్. తర్వాత రిటర్న్ పంప్. లైటు, చిల్లర్ వద్దు. 150 ఏహెచ్, 12 వోల్టుల బ్యాటరీ అంటే 1,800 వాట్-అవర్లు, సగమే వాడుకుందాం: 900. వేవ్ మేకర్ 15 వాట్లు, పంప్ 40 వాట్లు. కాగితం మీద 16 గంటలు. నష్టాలు తీసేసి 12 అనుకుందాం. మే నెలలో ఆ 34 డిగ్రీల రాత్రికి నాకు కావాల్సింది అంతే.

వేడి సంగతి. రీఫ్‌కు 24 నుంచి 26 డిగ్రీలు కావాలి. మన ఎండాకాలం గాలి పొడి కాబట్టి, నీళ్ల మీదికి చిన్న ఫ్యాన్ పెడితే కూజాలో నీళ్లు చల్లబడినట్టే చల్లబడతాయి. ఏప్రిల్, మే నెలల్లో 40 దాటిన రోజుల్లో ఇదొక్కటే చాలదు, చిల్లర్ ఉండాల్సిందే. వానాకాలం గాలిలో తేమ పెరిగితే ఫ్యాన్ మహిమ తగ్గుతుంది.

కరెంటు బిల్లు దాచిపెట్టను. పంప్ నెలకు 29 యూనిట్లు, వేవ్ మేకర్ 11, వంద వాట్ల లైటు రోజుకు 8 గంటలు వెలిగితే 24. మూడు వందల వాట్ల చిల్లర్ వేసవిలో రోజుకు 6 గంటలు తిరిగితే 54. మొత్తం 118. మీ ఇంటి శ్లాబ్ చూసుకుని గుణించుకోండి.

బరువు కూడా ఇక్కడే చెప్పాలి. ఉప్పునీరు లీటరుకు 1.025 కిలోలు. ఆ నాలుగడుగుల ట్యాంక్‌లో నీళ్లే 464 కిలోలు, 12 మిల్లీమీటర్ల గాజు దాదాపు 90, రాళ్లు, స్టాండ్ కలిపితే 600 దాటుతుంది. అంతా ఒక చదరపు మీటరు కన్నా తక్కువ చోట. ఇళ్ల గదులకు భారత ప్రమాణం లెక్కగట్టేది చదరపు మీటరుకు 200 కిలోల చొప్పున. పై అంతస్తులో ఉండేవాళ్లు ఇంజినీర్‌ను అడగకుండా ఈ సైజు జోలికి పోవద్దు.

నీళ్లు యాడికెల్లి వస్తయి?

మా బోరు నీళ్లు పెడితే గిన్నెకు తెల్లటి పొర కడుతుంది. మీ ఇంట్లో కూడా అంతే కదా. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్. రెండూ పనికిరావు. వంటింటి ఆర్వో మిషన్ నీళ్లలో కూడా కొంత టీడీఎస్ మిగులుతుంది, కొన్ని మిషన్లు తిరిగి ఖనిజాలు కలుపుతాయి కూడా. ఆర్వో తర్వాత డీఐ అనే రెసిన్ గొట్టం ఒకటి ఉండాలి, టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి. ఆర్వో వదిలేసే నీళ్లను బకెట్లలో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్‌రూమ్‌కు వాడుతున్నాం.

దానికి రీఫ్ సాల్ట్ కలపాలి. వంట ఉప్పు కాదు, అందులో సముద్రంలో ఉండే కాల్షియం, మెగ్నీషియం ఉండవు. బాపట్ల దగ్గర సూర్యలంకకు పోయి డ్రమ్ములు నింపుకొస్తే పోలా అని తమ్ముడి ఐడియా. ఒడ్డు నీళ్లలో ఏం కలిసిందో తెలీదు, ప్రతి నెలా అంత దూరం పోలేం. ఇంట్లోనే కలిపితే లెక్క మన చేతిలో ఉంటుంది. లీటరుకు దాదాపు 36 గ్రాములు, రిఫ్రాక్టోమీటర్‌లో 1.025. మొదటి దశలో నా సిస్టమ్‌లో నికరంగా 250 లీటర్లు ఉంటాయి, అంటే 9 కిలోల ఉప్పు. వారానికి పదో వంతు మార్చితే 25 లీటర్లు, 900 గ్రాములు. ఆవిరైపోయేది నీళ్లే, ఉప్పు కాదు. అందుకే తగ్గిన నీళ్లను మంచి నీళ్లతోనే నింపాలి. ఉప్పునీళ్లు పోస్తే రోజురోజుకూ ఉప్పదనం పెరుగుతుంది.

మరి యాడికి పోతయి? ఇది నాన్న ఊరికే అడగలేదు. మేడ్చల్‌లో ఉన్నప్పుడు నేను మార్చిన నీళ్లను డాబా మీద అమ్మ పెంచిన కరివేపాకు కుండీలో పోసేదాన్ని. "చేపల నీళ్లు ఎరువు కదా" అని. ఆకులు అంచుల నుంచి మాడిపోయి, రెండు నెలలకు చెట్టు ఎండిపోయింది. ఆరేళ్ల చెట్టు. మంచినీటి చేపల నీళ్లు మొక్కలకు మంచివే, ఉప్పునీళ్లు విషం. అమ్మ ఏమీ అనలేదు. ఆ ఏడాదంతా కరివేపాకు మార్కెట్లో కొన్నది, అంతే. ఇప్పుడు ఆ నీళ్లు నేరుగా డ్రైనేజీలోకే పోతాయి. మొక్కలకు కాదు, నేల మీదికి కాదు. షామీర్‌పేట చెరువులోకి అసలే కాదు. నీళ్లే కాదు, చేపలైనా, నాచైనా మన ట్యాంక్‌లోది చెరువులో వదలకూడదు.

నువ్వు లేకుంటే ఎవరు చూస్తరు?

అక్వేరియంకు వేరే లైను, వేరే ఎంసీబీ. ఫ్రిజ్ వల్లనో గీజర్ వల్లనో ఇక అది పడిపోదు. తగ్గిన నీళ్లు తనంతట తనే నింపుకునే ఆటో టాప్ ఆఫ్, ఉష్ణోగ్రత మారితే ఫోన్‌కు మెసేజ్ పంపే చిన్న సెన్సర్. కానీ అసలు జవాబు యంత్రం కాదు, మనిషి. ట్యాంక్ పక్కన గోడకు ఒక కాగితం అంటించా. నాలుగే లైన్లు: ఏ వాల్వ్ మూయాలి, ఏ స్విచ్ ఆపాలి, ఎంత మేత వేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి. నాన్న దాన్ని చదివి రెండు లైన్లు కొట్టేసి తన మాటల్లో మళ్లీ రాశారు. బస్సు డ్రైవర్లకు అర్థమయ్యేట్టు రాయడం ఆయనకు అలవాటు.

కలిపి కట్టిన ట్యాంకులకు ఒక శాపం ఉంది. ఉమ్మడి కుటుంబంలాగా సుఖంలోనూ, జబ్బులోనూ అందరూ కలిసే ఉంటారు. ఒక చేప తెల్లమచ్చల వ్యాధి తెస్తే మూడు ట్యాంకులకూ అంటుకుంటుంది. వాల్వ్ మూసినా అప్పటికే నీళ్లు తిరిగి ఉంటాయి. అందుకే క్వారంటైన్ ట్యాంక్ మాత్రం వేరు కాపురం. పైపుతో కలపకూడదు, మగ్గు, వల కూడా వేరే. కొత్త చేప నాలుగు వారాలు అక్కడే.

పగడం కొనొచ్చా?

ఇది నాన్న అడగలేదు. నల్సార్‌లో లా చదివే ఫ్రెండ్ అడిగింది. రాతి పగడాలు, సీ ఫ్యాన్లు, నల్ల పగడాలు, ఫైర్ కోరల్స్, సముద్రపు గుర్రాలు.. ఇవన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూల్ అది. మన సముద్రం నుంచి వాటిని తీయడం, అమ్మడం, కొనడం జైలు శిక్ష ఉండే నేరం. అండమాన్ నుంచి బ్యాగులో తెచ్చుకునే ఎండిన పగడపు ముక్క కూడా. విదేశాల నుంచి వచ్చే రాతి పగడాలు సైటిస్ ఒప్పందం కిందికి వస్తాయి. 2022 సవరణ, 2024 రూల్స్ ప్రకారం అలాంటి జీవుల్ని పెంచేవాళ్లు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఏ కాగితమూ లేకుండా "కోరల్ ఉంది అక్కా" అని వాట్సాప్‌లో ఫొటో పంపితే వద్దనండి.

అందుకే నా రీఫ్‌లో పగడపు రాయి లేదు, సిరామిక్ రాళ్లున్నాయి. చేపలు కూడా హేచరీలో పుట్టినవే కావాలి. సీఎంఎఫ్‌ఆర్‌ఐ, తమిళనాడులో అన్నామలై యూనివర్సిటీ క్లౌన్ ఫిష్‌ను ట్యాంకుల్లోనే పిల్లలు చేయించే పద్ధతి ఎప్పుడో సాధించాయి. అలా పుట్టినవి మేతకు అలవాటుపడి ఉంటాయి, వాటి కోసం ఎవరూ సముద్రంలో వల వేయలేదు.

అమ్మ ప్రశ్న

మూడింటికీ జవాబు చెప్పాక, గ్లాసులో టీ పోస్తూ అమ్మ అడిగింది. "అవి ఎన్నేండ్లు బతుకుతయి?"

క్లౌన్ ఫిష్ బాగా చూసుకుంటే పదేళ్లు దాటి బతుకుతుంది. ఇరవై దాకా బతికినవీ ఉన్నాయి. చెప్పా.

"మరి నీ పెండ్లయినంక?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రంతా ఆలోచించా. పొద్దున్నే కాగితం మీద మొదటి ట్యాంక్ పైపుల దగ్గర చూపించా. ప్రతి జాయింటు దగ్గరా యూనియన్ ఉంది. పెంచుకోవడానికి పెట్టిన యూనియన్లు విప్పుకుపోవడానికి కూడా పనికొస్తాయి. మొదటి ట్యాంకును విడదీసి, దానికో చిన్న సంప్ పెట్టుకుని వేరే ఇంట్లో నడపొచ్చు. నేనెక్కడికి పోతే అవి అక్కడికి. ఆ మాట ఒప్పుకునే ఇంటికే పోతా. అమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. "ముందే చెప్పాలె మరి వాళ్లకు" అంది.

నాన్న డ్రిల్లింగ్ మిషన్ పట్టుకున్నారు. మొదట మంచినీళ్లు నింపి మూడు రోజులు లీకేజీ చూశాం. ప్రతి జాయింటు కింద పాత న్యూస్ పేపర్ పరిచి, తడి మరక కోసం నాన్న పొద్దునా రాత్రీ వంగి చూశారు. తర్వాత పదిసార్లు కరెంటు ఆపి, సంప్ ఎంత నిండుతుందో స్కెచ్ పెన్‌తో గీత గీశాం. మూడో టీకున్న ఎండ్ క్యాప్ మీద ఆయనే రాశారు: "తొందర లేదు".

ఇప్పుడు ట్యాంక్‌లో ఉప్పునీళ్లు, రాళ్లు, కాస్త అమ్మోనియా. చేపలు లేవు. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్లకు పట్టాలి. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ వారాల్లో ఓపిక పట్టలేకే ఎన్నో చేపలు పోతాయి. నాకిది 19వ రోజు. వచ్చినవాళ్లంతా ఖాళీ నీళ్లకు ఇంత కరెంటా అని అడుగుతున్నారు.

రోజూ రాత్రి టెస్ట్ ట్యూబ్‌లో చుక్కలు వేసి చూస్తా. నా కిట్‌లో పసుపు అంటే అమ్మోనియా సున్నా. ఈ రోజు కూడా ఆకుపచ్చే. కానీ గేటు పక్కన, డ్రైనేజీ పైపుకు దూరంగా అమ్మ పెట్టిన కొత్త కరివేపాకు మొక్కకు మాత్రం రెండు చిగుళ్లొచ్చాయి.